పగటి స్కోపుకు నైట్ విజన్ తగిలించుకోవడం ఎలా?

"క్లిప్-ఆన్ కొన్నాను, తగిలించాను, ఏమీ కనపడట్లేదు." నన్ను అడిగేవాళ్లలో సగం మంది మాట ఇది. క్లిప్-ఆన్ అంటే పగలు వాడే స్కోపుకు తగిలిస్తే చీకట్లో కూడా చూపించే నైట్ విజన్ పరికరం. మిగతా సగం, "కనపడుతోంది గానీ అంతా పాలు పోసినట్టు తెల్లగా ఉంది" అంటారు. సంక్రాంతికి ముందు గుంటూరు నుంచి ఒక రైతు బాబాయి కూడా ఇదే పట్టుకొచ్చాడు. మొక్కజొన్న చేలో రాత్రిళ్లు అడవిపందులు పడుతున్నాయి, ఏ గట్టు మీంచి దిగుతున్నాయో చూసుకుందామని కొన్నాడట. సామానంతా విప్పి చూశాను. ఒక్కటీ పాడవలేదు. బాబాయి చీకటి పడ్డాక చేలోకి వెళ్లి, సెల్‌ఫోను పళ్ల మధ్య పట్టుకుని ఆ వెలుగులో, మొట్టమొదటిసారి దాన్ని స్కోపుకు బిగించాడు. అంతే జరిగింది.

ఈ పనిలో ముప్పాతిక వంతు పగలే, మీ డాబా మీదే, ఎండ తగ్గాక తీరిగ్గా చేసుకోవాలి. రాత్రి చెయ్యాల్సింది చాలా తక్కువ. కింద రాసిన వరుస తప్పకుండా చేస్తే మూడో రోజుకల్లా తాటిచెట్టు మీద గుడ్లగూబ ఈకలు విడివిడిగా కనపడతాయి.

ముందే ఒక మాట. ఈ క్లిప్-ఆన్‌లు మొదట తుపాకీ స్కోపుల కోసం తయారైనవి. నేను రాస్తున్నది మాత్రం ట్రైపాడ్ మీద నిలబెట్టే స్పాటింగ్ స్కోపుకు, అంటే దూరాన ఉన్నవాటిని దగ్గరగా చూపే దూరదర్శినికి, తగిలించి పక్షుల్నీ జంతువుల్నీ చూడటం గురించి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తొమ్మిదో సెక్షన్ వేటను నిషేధిస్తోంది. చేను మీద పడ్డ పంది విషయంలో కూడా అటవీ శాఖ అనుమతి లేకుండా మనంతట మనం చేసేదేమీ లేదు. బాబాయికీ అదే చెప్పాను. చూసి, వీడియో తీసి, ఆ వీడియోతో ఫారెస్టు ఆఫీసుకు వెళ్లండి. రైఫిల్ క్లబ్బుల వాళ్లు అడిగే ప్రశ్నకు చివర్లో కొద్దిగా జవాబిచ్చాను.

మీ దగ్గరున్నది ఏ రకం?

ఇది తెలియకుండా ఒక్క స్క్రూ కూడా తిప్పొద్దు. మూడు రకాలున్నాయి.

వెనక తగిలేది: స్కోపులో మనం కన్ను పెట్టే చోట, అంటే ఐపీసు వెనక, ఇది కూర్చుంటుంది. లోపల చిన్న కెమెరా, చిన్న తెర ఉంటాయి. పార్డ్ ఎన్‌వీ007 లాంటివి ఈ రకం. స్పాటింగ్ స్కోపుకు నేను చెప్పేది ఇదే.

ముందు తగిలేది: స్కోపు పెద్ద అద్దం ముందు కూర్చుంటుంది. అది చీకటిని చూసి తన తెర మీద బొమ్మ వేస్తుంది, మీ స్కోపు ఆ తెరను చూస్తుంది. రైఫిల్ స్కోపుల సన్నటి గొట్టాలకు ఇది బాగా కుదురుతుంది. స్పాటింగ్ స్కోపు ముందరి అద్దం 60, 80 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి దానికి సరిపడేది దొరకడమే కష్టం. దొరికినా జూమ్ ఎక్కువ కావడంతో తెర మీది చుక్కలు బఠాణీ గింజల్లా కనపడతాయి.

థర్మల్: వేడిని చూసేది. దీన్ని ఐపీసు వెనక పెట్టి "చెడిపోయింది" అని తిరిగి పంపినవాళ్లు నాకు ఇద్దరు తెలుసు. చెడిపోలేదు. థర్మల్ చూసే కిరణాలు మామూలు గాజులోంచి దూరవు. స్కోపు నిండా గాజే కదా. అందుకే థర్మల్ క్లిప్-ఆన్ ఎప్పుడూ ముందే కూర్చోవాలి. ఇంకో సంగతి, మన వైపు మే నెల రాత్రుల్లో పదింటికి కూడా నేల, గోడలు, రాళ్లు సెగలు కక్కుతూనే ఉంటాయి. జంతువుకీ వెనకున్న రాయికీ వేడిలో పెద్ద తేడా ఉండదు, బొమ్మ పలచగా వస్తుంది. తెల్లవారుజామున చూడండి, అదే పరికరం బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

ఇక్కడి నుంచి రాసేదంతా వెనక తగిలే డిజిటల్ రకం గురించే.

కావలసినవి

స్పాటింగ్ స్కోపు, బలమైన ట్రైపాడ్. బైనాక్యులర్‌తో కూడా కుదురుతుంది, కానీ చేత్తో పట్టుకుని కాదు, అదీ ట్రైపాడ్ మీదే ఉండాలి.

క్లిప్-ఆన్, దాంతో వచ్చే రింగు. రింగు సరిపోకపోతే మీ ఐపీసు కొలతకు త్రీడీ ప్రింటింగ్ వాళ్ల దగ్గర చేయించుకోవచ్చు. గట్టి ప్లాస్టిక్ కాదు, వంగే రబ్బరు రకం అడగండి.

విడిగా ఒక ఇన్‌ఫ్రారెడ్ టార్చి, అంటే మన కంటికి కనపడని, కెమెరాకు మాత్రం కనపడే వెలుగిచ్చేది. "పరికరంలోనే ఉంది కదా, ఇంకోటెందుకు?" అని అడగబోతున్నారు. ఐదో మెట్టులో చెప్తాను.

వెర్నియర్ కాలిపర్. స్కూల్లో ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో వాడినదే. లేకపోతే దారం చుట్టి, పొడవు కొలిచి 3.14తో భాగించండి.

నల్ల ఇన్సులేషన్ టేపు, వైట్‌నర్ లేదా గోళ్లరంగు, కళ్లద్దాల గుడ్డ, పాత గోడ క్యాలెండరు.

బ్యాటరీలు. చాలా వాటిలో 18650 అనే లిథియం సెల్లు వాడతారు. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు కాబట్టి ఆ పేరు. ఇక్కడ మోసం ఎక్కువ. సెల్లు మీద 9900 ఎంఏహెచ్ (అందులో ఎంత చార్జి పడుతుందో చెప్పే లెక్క) అని రాసుంటే అది అబద్ధమని అక్కడే తేలిపోయింది. ఈ సైజులో మంచి కంపెనీ సెల్లు కూడా 3500 దగ్గర ఆగుతుంది. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలు పగలగొట్టి తీసినవి కొత్త చొక్కా తొడిగి అమ్ముతుంటారు. వాటిని కొనకండి. ఇంకో చిక్కు, లోపల రక్షణ సర్క్యూటు ఉన్న సెల్లు మూడు నాలుగు మిల్లీమీటర్లు పొడుగ్గా ఉంటుంది, కొన్ని పరికరాల్లో మూత పట్టదు. బలవంతంగా తిప్పి మర చెడగొట్టుకోకండి. మీ పరికరం పుస్తకంలో ఏ రకం చెప్పారో అదే వెయ్యండి.

పగలు చేయాల్సింది

1. ఐపీసు కొలవండి.

ఐపీసు రబ్బరు కప్పును కిందికి మడిచి లేదా తిప్పి దించేసి, లోపలి గట్టి భాగం బయటి కొలత తీసుకోండి. రెండు మూడు చోట్ల కొలవండి, కొన్ని కొంచెం ఏటవాలుగా ఉంటాయి. రింగు వదులైతే నల్ల టేపు సమంగా చుట్టాలి, ఒకే వైపు నాలుగు పొరలు వేస్తే కెమెరా వాలిపోతుంది. ఎంత బిగి ఉండాలంటే, చేత్తో తిప్పితే కదలాలి, వదిలేస్తే దానంతట అది జారకూడదు. మరీ గట్టిగా బిగిస్తే ఐపీసులో ఫోకస్ తిరిగే భాగం పట్టేస్తుంది.

2. ముందు స్కోపును ఒట్టి కంటితో ఫోకస్ చేయండి.

క్లిప్-ఆన్ ఇంకా పెట్టొద్దు. దూరంగా ఉన్నదేదైనా చూసుకోండి. సెల్ టవర్ కావచ్చు, వాటర్ ట్యాంకు మెట్లు కావచ్చు. విజయవాడ డాబాల మీంచైతే చాలామందికి ఇంద్రకీలాద్రి కనపడుతుంది, ఆ కొండ మీది చెట్టు కొమ్మ చాలు. కళ్లద్దాలున్నవాళ్లు అద్దాలు పెట్టుకునే చూడండి. ఇది చిన్న సంగతి కాదు. అద్దాలు తీసి ఫోకస్ చేస్తే ఆ స్కోపు మీ సైటుకు సరిపడా తిరుగుతుంది. కెమెరాకు సైటు లేదు కదా! దానికి బొమ్మ మసగ్గానే అందుతుంది.

జూమ్ అన్నిటికన్నా తక్కువలో పెట్టండి. 20 నుంచి 60 దాకా ఉంటే 20లో.

3. మూడు ఫోకస్‌లు ఈ వరుసలోనే.

నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా చదవండి. క్లిప్-ఆన్ తగిలించాక మీ చేతికింద మూడు ఫోకస్‌లుంటాయి. మీ కంటికీ తెరకీ మధ్య ఒకటి. కెమెరాకీ ఐపీసుకీ మధ్య ఒకటి. స్కోపుకీ అక్కడున్న వస్తువుకీ మధ్య ఒకటి. బొమ్మ మసగ్గా ఉన్నప్పుడు తప్పు వీటిలో దేనిదో తెర చూసి చెప్పలేం. చేతికి దొరికినదల్లా తిప్పితే మూడూ చెడతాయి.

ముందు తెర. పరికరం ఆన్ చేసి, బొమ్మను పట్టించుకోకుండా తెర మూలలో ఉండే బ్యాటరీ గుర్తునో గడియారం అంకెలనో చూడండి. అవి గీసినట్టు స్పష్టంగా వచ్చేదాకా మీ కంటి వైపున్న చక్రం తిప్పండి. మీ కంటికి ఇది ఒక్కసారి చేస్తే చాలు. ఇంట్లో ఇంకెవరైనా చూస్తామంటే తిప్పి చూసుకోనివ్వండి, మళ్లీ మీ గుర్తుకు తెచ్చుకోవచ్చు.

తర్వాత కెమెరా. స్కోపు ఫోకస్‌ను ముట్టుకోకుండా, ఇందాక ఒట్టి కంటితో సరిచేసిన ఆ దూరపు కొమ్మ మీదే ఉంచి, కెమెరా ముందున్న రింగు తిప్పుతూ కొమ్మ పదునెక్కేదాకా రండి. దాటించి మళ్లీ వెనక్కి రండి. కుదిరాక ఆ రింగు మీదా పక్కన గొట్టం మీదా కలిసేట్టు వైట్‌నర్‌తో ఒక గీత పెట్టండి. ఆరిపోయాక ఇక ఆ రింగు జోలికి వెళ్లొద్దు. నేను గీత పెట్టి పైన టేపు కూడా వేస్తాను, చీకట్లో నా చేతుల మీద నాకు నమ్మకం లేదు.

మూడోది స్కోపు ఫోకస్. ఇక జీవితాంతం తిప్పేది ఇదొక్కటే.

జాగ్రత్త: పగలు ఈ పని చేసేటప్పుడు స్కోపును సూర్యుడి వైపు, సూర్యుడు మెరిసే నీళ్ల వైపు తిప్పొద్దు. కెమెరా మీద మచ్చ పడిందంటే పోదు. కంటితో చూస్తుంటే కన్నే పోతుంది. మీది డిజిటల్ కాకుండా పాతకాలపు ఆకుపచ్చ ట్యూబు రకమైతే పగలు మూత తీసి ఆన్ చెయ్యనే చెయ్యొద్దు.

4. మధ్యకు తేవడం, నిటారు చేయడం.

తెరలో గుండ్రంగా నల్ల అంచు కనపడి మధ్యలో మాత్రమే బొమ్మ ఉంటే కెమెరా ఐపీసుకు దూరంగా ఉందని, లేదా మరీ అంటుకుపోయిందని. రెండు మూడు మిల్లీమీటర్లు ముందుకూ వెనక్కీ జరిపి చూడండి, ఒక చోట బొమ్మ అమాంతం విచ్చుకుంటుంది. నల్లదనం నెలవంకలా ఒక పక్కనే ఉంటే కెమెరా వాలింది, టేపు సరిచేయండి. తర్వాత ఏదైనా ఇంటి గోడ అంచుకు గురిపెట్టి, ఆ అంచు తెరలో నిలువుగా వచ్చేట్టు కెమెరాను తిప్పండి. అది కుదిరాక ఇంకో వైట్‌నర్ గీత.

ట్రైపాడ్ సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. వెనక బరువు పెరిగింది కాబట్టి స్కోపు ముక్కు పైకి లేస్తుంది. కింది ప్లేటును ముందుకో వెనక్కో జరిపి, చెయ్యి వదిలేసినా నిలిచే చోటు పట్టుకోండి. క్లిప్-ఆన్‌కు ఒక దారం కట్టి ట్రైపాడ్‌కు ముడి వెయ్యండి. గట్టు మీంచి కాలవలోకి జారిపోయాక రింగు బిగి గురించి మాట్లాడుకుని లాభం లేదు.

5. లైటు ఎక్కడ పెట్టాలి?

ఇది నా సొంత అనుభవం. మంగళగిరి అవతల స్నేహితుడి పొలంలో ఒక మోడు తాటిచెట్టుంది, అందులో చావుపిట్టల జంట ఉంటోంది. అదే, తెల్లటి ముఖం ఉండే గుడ్లగూబ. మొదటిసారి వెళ్లిన రాత్రి తెర మొత్తం తెల్లటి తెర కట్టినట్టుంది. మంచు అనుకున్నాం. పదింటికి మంచేమిటని మావాడు అన్నాడు. అద్దాలు తుడిచాం, బ్యాటరీ మార్చాం, అమ్మినవాడిని తిట్టుకున్నాం. రెండు గంటలయ్యాక విసుగొచ్చి లైటు ఆపేశాను. ఆపగానే తాటిచెట్టు నల్లగా, స్పష్టంగా ఆకాశం మీద నిలబడింది.

జరిగిందేమిటంటే, పరికరంలో ఉన్న ఇన్‌ఫ్రారెడ్ దీపం వెనక, మన కంటి దగ్గర ఉంటుంది. సన్నటి రైఫిల్ స్కోపు పక్క నుంచి దాని వెలుగు ముందుకు దూసుకుపోతుంది. లావుపాటి స్పాటింగ్ స్కోపు అయితే ఆ వెలుగు స్కోపు ఒంటి మీదా, ముందరి గొట్టం అంచు మీదా పడి అక్కడే చెదిరిపోతుంది. అందులో కొంత మళ్లీ లోపలికి వస్తుంది. కంటికి ఆ వెలుగు కనపడదు కాబట్టి మనకు అనుమానం రాదు.

కాబట్టి లోపలి దీపం ఆపేయండి. విడి టార్చిని స్కోపు పక్కన, దాని మూతి స్కోపు మూతి కన్నా రెండు వేళ్లు ముందుకు ఉండేట్టు కట్టండి. జానెడు దూరం జరపగలిగితే ఇంకా మంచిది, గాల్లో ఉన్న దుమ్ము మీద పడ్డ వెలుగు నేరుగా అద్దంలోకి రాదు.

టార్చి రెండు రకాలు. 850 నానోమీటర్లది దూరం పోతుంది, కానీ దగ్గరికెళ్లి చూస్తే నిప్పు కణికలా మందమైన ఎరుపు కనపడుతుంది. 940ది కంటికి అసలు కనపడదు, అయితే కెమెరాలు ఆ వెలుగును తక్కువగా పట్టుకుంటాయి కాబట్టి దూరం తగ్గిపోతుంది. నా ఓటు 850కే.

టార్చి వెలుగుతోందో లేదో ఎలా తెలుస్తుంది? ఫోను సెల్ఫీ కెమెరా ఆన్ చేసి, రెండు మీటర్ల దూరం నుంచి, టార్చిని కాస్త పక్కకు తిప్పి చూడండి. చాలా ఫోన్లలో ఊదారంగు వెలుగు కనపడుతుంది. ముందు టీవీ రిమోట్‌తో ఫోనును పరీక్షించండి, బటన్ నొక్కితే రిమోట్ కొన మెరవాలి. టార్చిలోకి కంటితో మాత్రం చూడొద్దు, పిల్లల్ని అస్సలు చూడనివ్వొద్దు. కనపడని వెలుగుకు కంటిపాప ముడుచుకోదు, రెప్ప పడదు, ఆ వేడి నేరుగా లోపలికి పోతుంది. లేజర్ రకమైతే మరీ ప్రమాదం.

రాత్రి చేయాల్సింది

6. మొదటి రాత్రి దూరం వెళ్లకండి. డాబా మీదే పాత గోడ క్యాలెండరు పేజీని పిట్టగోడకు అంటించి, స్కోపు ఎంత దగ్గరగా ఫోకస్ అవుతుందో అంత దూరంలో, లేదా సందు చివర ముప్పై నలభై అడుగుల దూరంలో పరీక్షించండి. తెలుగు క్యాలెండరు కన్నా మంచి పరీక్ష పేజీ నాకింతవరకు దొరకలేదు. పెద్ద అంకెలు, వాటి కింద తిథి, నక్షత్రం, వర్జ్యం చీమల్లా. పగలు ఏ వరుస దాకా చదవగలిగారో గుర్తు పెట్టుకుని రాత్రి పోల్చండి. వర్జ్యం చదవలేకపోయినా తిథి చదవగలిగితే మీ పరికరం బాగున్నట్టే.

చదివేటప్పుడు ఒకటి చూసి కంగారు పడతారు. ఆదివారాలు కనపడవు! ఎర్ర అంకెలు వెలిసిపోయో, పూర్తిగా మాయమయ్యో ఉంటాయి. చాలా ఎర్ర సిరాలు ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో కాగితంలాగే తెల్లగా కనపడతాయి, నల్ల సిరాలోని మసి మాత్రమే నల్లగా నిలుస్తుంది. లోపం కాదు. ఇదే కారణంతో పచ్చటి ఆకులు మంచు పడ్డట్టు తెల్లగా, కొన్ని నల్ల చొక్కాలు బూడిద రంగులో కనపడతాయి. అరటితోటను మొదటిసారి చూసినప్పుడు నేను కాశ్మీరం అనుకున్నాను. రంగును బట్టి పక్షిని గుర్తుపట్టే అలవాటు రాత్రి పూట పక్కన పెట్టి ఆకారం, కూర్చునే తీరు, తల తిప్పే తీరు చూడండి.

7. స్కోపు ఫోకస్ మళ్లీ తిప్పాలి. పగటి వెలుగుకూ ఇన్‌ఫ్రారెడ్ వెలుగుకూ అద్దాలు ఒకే చోట బొమ్మ వెయ్యవు. పగలు గీత పెట్టి ఉంచుకున్నా రాత్రి కొంచెం తేడా వస్తుంది. కెమెరా రింగు కాదు, స్కోపు ఫోకస్ మాత్రమే తిప్పండి. చీకట్లో దేని మీద ఫోకస్ చేయాలో తెలియకపోతే కరెంటు స్తంభం తీగలు, ముళ్లకంచె, తాటాకు కొసలు వెతకండి. పిల్లి, నక్క, పశువుల కళ్లు ఈ వెలుగులో దీపాల్లా మెరుస్తాయి. జంతువు ఎక్కడుందో తెలుసుకోవడానికి అవి పనికొస్తాయి, ఫోకస్‌కు పనికిరావు. మెరుపు ఎప్పుడూ ఉబ్బినట్టే కనపడుతుంది. కళ్లు వదిలేసి మీసం మీదో చెవి అంచు మీదో ఫోకస్ చెయ్యండి.

8. జూమ్ పెంచాలనిపిస్తుంది. ఆగండి. 60 మిల్లీమీటర్ల స్కోపు 20 జూమ్‌లో ఉన్నప్పుడు వెనక నుంచి వచ్చే వెలుగు 3 మిల్లీమీటర్ల వెడల్పు కట్ట. 60 జూమ్‌లో అదే ఒక మిల్లీమీటరు. బొమ్మ తొమ్మిదింతలు చీకటవుతుంది, పైగా ట్రైపాడ్ మీద గాలి తగిలినా భూకంపమే. దగ్గరికి చూడాలంటే మనమే పది అడుగులు దగ్గరికి నడవడం మేలు, అదీ జంతువు బెదరనంత వరకు.

9. తెర వెలుగు బాగా తగ్గించండి. పూర్తి వెలుగులో పది నిమిషాలు చూసి కన్ను తీస్తే ఆ కంటికి గట్టు ఎక్కడుందో, గుంట ఎక్కడుందో తెలియదు. నేను కుడి కంటితో తెర చూస్తాను, నడిచేటప్పుడు ఎడమ కంటి మీద ఆధారపడతాను. పాముల కాలంలో ఇది హాస్యం కాదు. నడిచే దారికి మామూలు టార్చి వేసుకోండి, మోకాళ్ల దాకా బూట్లు వేసుకోండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

దగ్గరి కొమ్మ. లైటు దారిలో ఒక్క వేపకొమ్మ అడ్డం వచ్చినా అది తెల్లగా కాలిపోతుంది, పరికరం తన వెలుగు తగ్గించుకుంటుంది, వెనకున్న గుడ్లగూబ నల్లబడుతుంది. నిలబడే చోటు మార్చుకోవాలి, లైటు పెంచితే ఇంకా చెడుతుంది.

కిటికీ అద్దం వెనక నుంచి చూడటం. లైటు అద్దం మీద తగిలి మీ ముఖానికే వస్తుంది.

పొగ, మంచు. డెల్టాలో వరికోతలయ్యాక గడ్డి తగలబెట్టే రోజుల్లో, డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో కృష్ణ ఒడ్డున, లైటు వేస్తే గోడ కనపడుతుంది తప్ప పిట్ట కనపడదు. లైటు పూర్తిగా ఆపి చూడండి. విజయవాడ దీపాల వెలుగు మబ్బుల మీద పడి తాడేపల్లి వైపు కూడా ఆకాశం తెల్లగా ఉంటుంది, చాలాసార్లు అదే చాలు. ఊరి వైపుకు వీపు పెట్టి నిలబడాలి. ఊరి దీపాలు తెరలోకి వస్తే మిగతాదంతా నల్లబడుతుంది.

దోమల మందు చేతులు. కాలవ గట్టు మీద క్రీము రాసుకోకుండా నిలబడలేం, నిజమే. కానీ డీట్ అనే రసాయనం ఉన్న మందులు కొన్ని రకాల ప్లాస్టిక్కును, రబ్బరును మెత్తబరుస్తాయి. కాళ్లకూ మెడకూ రాసుకుని అరచేతులు కడుక్కోండి.

గూటి దగ్గర లైటు. గుడ్లు, పిల్లలు ఉన్న గూటి ముందు గంటలు గంటలు కూర్చోవద్దు. తల్లి తిండి తేవడం మానెయ్యొచ్చు. దీపావళి ముందు రోజుల్లో గుడ్లగూబలను మూఢనమ్మకాలతో పట్టుకెళ్లేవాళ్లుంటారు, ఏ చెట్టు మీద ఉన్నాయో ఊరంతా చెప్పొద్దు, ఫొటోతో పాటు చోటు పెట్టొద్దు.

చోటు. రాత్రి పూట మూడు కాళ్ల మీద గొట్టం పెట్టుకుని నిలబడ్డ మనిషిని ఎవరైనా ఆపి అడుగుతారు, అడగాలి కూడా. బ్యారేజీ, రైల్వే వంతెనలు, గన్నవరం విమానాశ్రయం వైపు, బందోబస్తు ఉన్న చోట్లు వదిలేయండి. ఇళ్ల వైపు తిప్పకండి. పొలమైతే రైతుకు, ఊరైతే నలుగురికి చెప్పి వెళ్లండి. బిల్లు జిరాక్సు జేబులో ఉంచుకోండి. కృష్ణా అభయారణ్యం మడ అడవుల్లో బావురుపిల్లిని చూడాలని అందరికీ ఉంటుంది, అక్కడ అటవీ శాఖ అనుమతి లేనిదే అడుగు పెట్టకూడదు.

రైతులకు ఇంకో దారి

చేను కాపలాకే అయితే ఇంత తతంగం అక్కర్లేదని నా అభిప్రాయం. ట్రయల్ కెమెరా అని వస్తుంది, చెట్టుకు కట్టి వదిలేస్తే కదలిక వచ్చినప్పుడల్లా దానంతట అదే ఫొటో తీస్తుంది. మోకాలి ఎత్తులో, దారికి ఏటవాలుగా కట్టండి, ముందున్న గడ్డి కోసెయ్యండి, లేకపోతే గాలికి ఊగే గడ్డినే వెయ్యి ఫొటోలు తీస్తుంది. మిరప కళ్లాల దగ్గర కూడా ఇదే మేలు. బాబాయి చివరికి రెండూ పెట్టాడు. గట్టు మీంచి దిగుతున్నది పందులేనని ఫొటోల్లో తేలింది, స్కోపులో మాత్రం ఆయనకు మొదట పునుగుపిల్లి కనపడింది. అప్పట్నుంచి పందుల సంగతి కన్నా దాని సంగతే ఎక్కువ చెప్తున్నాడు.

రైఫిల్ క్లబ్బు వాళ్లు అడిగేది

"తగిలిస్తే గురి మారుతుందా?" వెనక తగిలేదైతే మారదు. స్కోపులోని గీతల్నీ లక్ష్యాన్నీ కెమెరా కలిపే చూస్తుంది, కెమెరా కాస్త వాలినా రెండూ కలిసే జరుగుతాయి. ముందు తగిలేదైతే మారే అవకాశం ఉంది, ఎందుకంటే మీ స్కోపు చూసేది లక్ష్యాన్ని కాదు, తెర మీది బొమ్మను. అది చూసుకోవడం తేలికే. ఖాళీ రైఫిల్‌ను స్టాండులో కదలకుండా బిగించి, చీకటి పడే ముందు ఒక చుక్క మీద గీతలు పెట్టండి. క్లిప్-ఆన్ తగిలించి, చుక్క ఎటు జరిగిందో రాసుకోండి. తీసి, మళ్లీ తగిలించండి. ఇలా ఐదుసార్లు. ప్రతిసారీ ఒకే వైపు ఒకే అంత జరిగితే సరిచేసుకోవచ్చు. ఒక్కోసారి ఒక్కో వైపు పోతే రింగు వదులు, అది ముందు చూడండి. ముందు రకానికి పారలాక్స్ చక్రం (లక్ష్యం దూరానికి తగ్గట్టు స్కోపును సరిచేసేది) అన్నిటికన్నా దూరపు గుర్తు దగ్గర, జూమ్ తక్కువలో ఉంచాలి. లైసెన్సు, రేంజి నిబంధనలు మీ క్లబ్బులో అడిగే చెయ్యండి.

ఇంటికొచ్చాక

బయటి చెమ్మలోంచి తెచ్చి వెంటనే ఏసీ గదిలో పెట్టొద్దు, ఏసీ గదిలోంచి నేరుగా బయటికీ తీసుకెళ్లొద్దు. చల్లటి అద్దం మన ఉక్కపోతలోకి రాగానే ఆవిరి పడుతుంది. సంచిలోనే అరగంట ఉంచి తీయండి. సెల్లు తీసి విడిగా, సగం చార్జితో పెట్టండి. కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారెయ్యకుండా డబ్బాలో వేసి, గాలి చొరని మూత పెట్టండి. వానాకాలంలో రెండు నెలలు గుడ్డ సంచిలో వదిలేసిన నా పాత బైనాక్యులర్ అద్దం మీద బూజు సాలెగూడులా అల్లుకుంది, బాగుచేసే ఆయన దాన్ని విప్పి చూసి మళ్లీ మూసి నా చేతికిచ్చేశాడు.